చేపల బండి ఛాసిస్: నల్లకోటింగ్ కింద దాగిన తుప్పు

ఈ కేసులో బండి డీజిల్ పికప్ వ్యాను, వయసు ఏడేళ్ళ పైచిలుకు. పని చేపల రవాణా. తెల్లవారకముందే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో లోడు, అక్కణ్ణించి విజయనగరం, సాలూరు మార్కెట్లు, మధ్యాహ్నానికి ఖాళీ ట్రేలతో వెనక్కి. ఇంజినూ గేర్‌బాక్సూ బాగున్నాయి. డ్రైవరు చెప్పిన కంప్లైంటు ఒక్కటే: గతుకుల్లో వెనక బాడీ కింద కిర్రుమంటోంది, గట్టిగా బ్రేకు వేస్తే బాడీ కాస్త ముందుకి జరిగినట్టు అనిపిస్తోంది.

ఓనరు గారి టెన్షన్ వేరే. రవాణా బండికి ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకోసారి ఫిట్‌నెస్ చేయిస్తే సరిపోతుంది. ఎనిమిది దాటితే ఏటా ఇన్‌స్పెక్షన్‌కి నిలబెట్టాలి. ఆ లోపల చిన్నాచితకా పనులన్నీ చేయించేద్దామని, వేట నిషేధం మొదలయ్యాక బండి మా షెడ్డుకి పంపారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకి వెళ్ళవు. చేపల బండ్లకి మేం చేసే పెద్ద పనులన్నీ ఆ రెండు నెలల్లోనే.

"పైన బాడీ బోల్టులు చూడు చాలు బాబూ. కింద భయం లేదు, రెండేళ్ళ కిందటే నల్లకోటింగ్ కొట్టించేను," అన్నారు ఆయన ఫోన్లో.

నల్లకోటింగ్ అంటే తుప్పు పట్టకుండా బండి అడుగున కొట్టే మందపాటి నల్లపూత. ఆ మాట వినగానే బండిని లిఫ్ట్ ఎక్కించమని కుర్రాళ్ళకి చెప్పాను. ఉప్పునీళ్ళలో తిరిగే బండికి, అందులోనూ వాడకం మొదలయ్యాక కొట్టించిన కోటింగైతే, దాని కింద ఏముందో చూడకుండా పైన బోల్టులు బిగించి పంపడం నాకు ఇష్టం ఉండదు.

కింద ఏం కనిపించింది

దూరం నుంచి చూస్తే అంతా నల్లగా, నున్నగా ఉంది. ఫోటో తీసి పంపితే ఎవరైనా బాగుందనే అంటారు. చిన్న సుత్తి తీసుకుని పొడుగు మెంబర్ (ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, పక్కన పొడవునా సాగే ఇనప దూలం) వెంట ముందు నుంచి వెనక్కి తడుతూ పోయాం. మంచి ఇనుము ఖంగుమంటుంది. క్యాబిన్ కింద ఖంగుమంది. వెనక ఇరుసు దగ్గరికొచ్చేసరికి గొంతు మారింది, కమాను కట్టల బ్రాకెట్టు పైన డబ్బుమని మూగగా పలికింది. అక్కడ పుట్టీ బ్లేడు మొన గుచ్చి లేపితే, నల్లపొర పెనం మీంచి అట్టు లేచినట్టు అరచేయంత ముక్కగా ఊడి చేతిలోకి వచ్చింది.

ఆ ముక్క లోపలివైపు తడిగా ఉంది. మే నెల, మిట్టమధ్యాహ్నం, బండి రెండు వారాల పైగా కదల్లేదు, వాన చుక్క పడలేదు. అయినా తడి. ఇనుము మీద తుప్పు పొరలు పొరలుగా ఉంది: పైన పసుపుగోధుమ, దాని కింద ఎర్రగోధుమ, ఇనుముని ఆనుకుని నల్లటి పొడి. ఆ నలుపు చూసి కోటింగేమో అనుకుంటారు. గాలి సరిగ్గా అందని చోట పట్టే తుప్పు నల్లగానే ఉంటుంది. అంటే పై పూత గాలిని ఆపింది, తడినీ ఉప్పునీ మాత్రం లోపలే పట్టి ఉంచింది.

ఎండాకాలంలో కూడా తడి ఎందుకు ఆరలేదన్నది ఈ కేసంతటికీ కీలకం. మనం వంటలో వాడే ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు కారడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో అదొక్కటే ఉండదు, మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ ఉంటే చాలు, గాలిలోంచి నీళ్ళు లాక్కుంటుంది. విశాఖలో గాలి అంత పొడిగా ఉండే గంటలు ఏడాదిలో ఎన్నో మీరే లెక్కేసుకోండి. సముద్రపు ఉప్పు ఒకసారి ఇనుము మీద పడి కూర్చుందంటే, వాన పడకపోయినా, నీళ్ళు తగలకపోయినా, ఆ చోటు తడిగానే ఉంటుంది. బండి షెడ్డులో నిలబెట్టి టార్పాలిన్ కప్పినా తుప్పు తన పని తను చేసుకుపోతుంది. నిషేధం రెండు నెలలూ బండికి విశ్రాంతి అనుకుంటాం గానీ, ఉప్పు కడక్కుండా నిలబెట్టిన బండికి అది విశ్రాంతి కాదు.

కోటింగ్ గీకుతూ పోతే ఇంకా బయటపడ్డాయి. బాడీని మోసే క్రాస్ ఛానెళ్ళలో రెండింటికి స్క్రూడ్రైవర్ నొక్కితే అవతలికి దిగిపోయింది. కిర్రుమన్న చప్పుడు అక్కడిదే: బాడీని పట్టుకోవాల్సిన యూ-బోల్టు కింద ఛానెల్ అరిగిపోయి, బోల్టు బిగువు కోల్పోయింది. పొడుగు మెంబర్ ఇనుము మందాన్ని అల్ట్రాసోనిక్ గేజితో కొలిస్తే ముందు భాగంలో 4 మి.మీ., వెనక ఇరుసు పైన అన్నిటికంటే పల్చగా ఉన్న చోట 2.7 మి.మీ. వచ్చింది.

నన్ను నిజంగా కంగారు పెట్టింది మాత్రం ఇవేవీ కాదు, బ్రేక్ పైపు. వెనక చక్రాలకి వెళ్ళే ఇనప గొట్టం, దాన్ని ఛాసిస్‌కి పట్టే క్లిప్పు, రెంటినీ కలిపి నల్లకోటింగ్ కొట్టేశారు. క్లిప్పు విప్పితే గొట్టం మీద, సరిగ్గా క్లిప్పు ఒరుసుకునే చోట, గోరు దిగేంత గుంటలు. సాలూరు దాకా లోడుతో వెళ్ళే బండి. ఓనరు గారికి ఫోన్ చేసి "బాబాయ్, మిగతా పని చేయిస్తారో లేదో తర్వాత చూద్దాం, ఈ పైపు మార్చకుండా బండి షెడ్డు దాటదు," అన్నాను. ఆయన సాయంత్రం స్వయంగా వచ్చి, కింద దూరి, వేలు పెట్టి చూసుకున్నారు. ఆ తర్వాత బేరం లేదు.

ఎందుకిలా అయింది

ఉప్పుగాలి వల్ల అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కానీ అదే వీధిలో నిలబడే కూరగాయల బండి ఛాసిస్ ఇలా ఉండదు. ఈ బండికి నాలుగు కారణాలు కలిశాయి.

మొదటిది, బాడీ నేల మీద పరిచిన స్టెయిన్‌లెస్ రేకు. కడగడానికి సులువని మూడేళ్ళ కిందట వేయించారట. ఆలోచన మంచిదే. కానీ రేకుని ముక్కలుగా పరిచి, అతుకుల్ని వెల్డ్ చేయకుండా, నేరుగా ఇనప ఛానెళ్ళలోకి స్క్రూలు బిగించారు. ఐసు కరిగిన నీళ్ళూ చేపల నీళ్ళూ అతుకుల్లోంచి దిగి, రేకుకీ ఛానెల్‌కీ మధ్య నిలిచాయి. ఉప్పునీళ్ళలో స్టెయిన్‌లెస్, మామూలు ఇనుము ఒకదాన్నొకటి తాకితే కరిగిపోయేది ఇనుమే. అందులోనూ రేకు విశాలం, దాన్ని తాకే ఇనుము రెండంగుళాల పట్టీ. ఆ విశాలమైన రేకు లాగే లాగుడంతా ఆ పట్టీ మీదే పడింది. చిల్లులు పడిన రెండు ఛానెళ్ళూ సరిగ్గా అతుకుల కిందివే.

రెండోది, బాడీకీ ఛాసిస్‌కీ మధ్య రబ్బరు ప్యాకింగ్. ఉప్పునీళ్ళు పీల్చుకుని బరువుగా తయారైంది. ఇరుకు సందులో నిలిచిన నీళ్ళకి గాలి అందదు, సందు అంచున నీళ్ళకి అందుతుంది. ఈ తేడా ఉన్న చోట, గాలి అందని లోపలి ఇనుమే ఎక్కువ కరుగుతుంది. తుప్పు ఎప్పుడూ కనిపించని చోటే ముందు తింటుందని మేస్త్రులు అంటారే, దానికి కారణం ఇదే.

మూడోది చిన్న అలవాటు. అన్‌లోడ్ అయి వచ్చాక బండిని జెట్టీ దగ్గర కడిగేవారు, సముద్రపు నీళ్ళతో. బకెట్టు వేసి తోడుకుంటే ఖర్చు లేదు మరి. వాసన పోతుంది, పొలుసులు పోతాయి, ఉప్పు మాత్రం రోజూ కొత్తగా ఎక్కుతుంది.

నాలుగోది నల్లకోటింగ్. ఆ పూత చెడ్డదని నేననను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త బండికి, శుభ్రమైన ప్రైమర్ మీద, చక్రాల గూళ్ళలో రాళ్ళు తగిలే చోట అది బాగానే పనికొస్తుంది. ఇక్కడ అయిదేళ్ళు హార్బర్‌లో తిరిగిన ఛాసిస్‌ని పైపైన నీళ్ళు కొట్టి, తుప్పు మీదే, ఉప్పు మీదే కొట్టేశారు. పైగా బాక్సులా ఉండే మెంబర్‌కి అడుగున నీళ్ళు కారిపోవడానికి కంపెనీ పెట్టిన కన్నాల్లో చాలావరకు పూడిపోయాయి. ఒక కన్నంలో పూత పొడిచి తీస్తే లోపల్నించి గోధుమరంగు నీళ్ళు సన్నటి ధారగా కారాయి. కుర్రాడు కింద గిన్నె పట్టాడు. ఇంట్లో ఆర్‌ఓ నీళ్ళు చూసుకునే టీడీఎస్ పెన్ను అందులో ముంచితే అంకె నాలుగు వేలు దాటింది. మా కుళాయి నీళ్ళకి రెండొందల లోపే వస్తుంది.

తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుందన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తుప్పు రకాన్ని బట్టి అసలు ఇనుముకి రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు కావాలి దానికి. పూత కింద మొదలైన తుప్పు తనే పూతని పైకి లేపుతుంది, లేచిన సందులోకి మళ్ళీ ఉప్పునీళ్ళు వెళ్తాయి. అందుకే తుప్పు మీద కొట్టిన పూత ఎంత మందంగా ఉన్నా ఎక్కువ కాలం ఉండదు. మందం ఎక్కువైతే ఆలస్యంగా తెలుస్తుంది, అంతే.

పని: ముందు కడగడం

మామూలుగా తుప్పు పనంటే గ్రైండర్‌కి వైర్ కప్ బ్రష్ తగిలించి మొదలుపెడతారు. ఉప్పు పట్టిన ఇనుము మీద అది తప్పు వరస. బ్రష్ పైపైన మెరుగు పెడుతుంది, గుంటల్లో ఉన్న ఉప్పుని ఇంకా లోపలికి కూరుతుంది. చూడ్డానికి వెండిలా మెరుస్తుంది, మర్నాటికి చుక్కలు చుక్కలుగా గోధుమరంగు తేలుతుంది. అందుకని మా వరస వేరు: గీకడం, కడగడం, బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రవ్వ కొట్టి తుప్పు రాల్చడం), మళ్ళీ కడగడం, ఆరబెట్టడం.

బాడీని ఛాసిస్ మీంచి లేపి పక్కన పెట్టాం. పాత కోటింగ్‌ని హీట్ గన్‌తో మెత్తబరిచి గీకాం. గ్యాస్ మంటతో కాల్చేవాళ్ళు ఉన్నారు. తొందరగా అవుతుంది గానీ, డీజిల్ గొట్టాలూ బ్రేక్ గొట్టాలూ వైరింగూ ఉన్న చోట ఆ పని నేను చేయనివ్వను. ఈ గీకుడుకి పట్టినంత కూలి మిగతా ఏ పనికీ పట్టలేదు. బిల్లు చూసి "రంగుకంటే గోకుడు ఖరీదయిందేటి బాబూ?" అని ఓనరు గారు నవ్వేరు. మాట నిజమే. తప్పుగా వేసిన కోటింగ్‌కి రెండుసార్లు డబ్బు పెట్టాలి, వేసినప్పుడొకసారి, తీసేటప్పుడొకసారి.

కడగడానికి షెడ్డు బోరు నీళ్ళు వాడలేదు. సముద్రానికి దగ్గరున్న బోర్లలో చాలావాటి నీళ్ళు ఉప్పగానే ఉంటాయి, ముందు పెన్ను ముంచి చూసుకోవాలి. కుళాయి నీళ్ళు ట్యాంకులో పట్టి ప్రెషర్ వాష్ చేశాం. బాక్సు మెంబర్ లోపలికి కన్నాల గుండా సన్నటి గొట్టం దూర్చి, అవతలి కన్నంలోంచి తేటనీళ్ళు వచ్చేదాకా కొట్టాం. ఎప్పుడు ఆపాలో పెన్నే చెప్పింది: కారిన నీళ్ళ అంకె, పోసిన నీళ్ళ అంకెకి దగ్గరపడేదాకా. టీడీఎస్ పెన్ను ఉప్పొక్కదాన్నే కొలవదు, నీళ్ళలో కరిగిన వాటన్నిటినీ కలిపి చూపిస్తుంది. ఆ అంకె ఎంత మంచిదని కాదు, పోసిన దానికీ కారిన దానికీ తేడా ఎంతన్నదే చూడాలి. చివరి కడుగు ఆర్‌ఓ నీళ్ళతో. ఆర్‌ఓ మిషను బయటికి వదిలే వేస్టు నీళ్ళు మాత్రం వాడొద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

ఆ తర్వాత రాత్రంతా అలాగే వదిలేశాం. పొద్దున్న టార్చి వేసి చూస్తే ఇనుమంతా లేత నారింజ రంగు తిరిగింది, అది మామూలే. కానీ ఇరుసు పైన కొన్ని చోట్ల మాత్రం ఆవగింజంత నల్లటి తడి చుక్కలు, చుట్టూ అంతా ఆరినా అవి ఆరలేదు. ఆ చుక్క కింద గుంటలో ఉప్పు ఇంకా ఉందన్న మాట. చాక్‌పీసుతో చుట్టూ గీసి, ఆ చోట్లని మళ్ళీ కడిగాం. ఇదంతా పిచ్చి పనిలా కనిపిస్తుంది, కానీ పూత ఎన్నాళ్ళుంటుందన్నది ఆ చుక్కల దగ్గరే తేలిపోతుంది.

బ్లాస్టింగ్‌కి గార్నెట్ అనే గట్టి ఖనిజపు రవ్వ వాడాం. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మన తీరపు ఇసుకలోనే గార్నెట్ ఉంది గానీ, వాడాల్సింది కడిగి ఆరబెట్టి సంచుల్లో అమ్మేది. మామూలు ఇసుకతో బ్లాస్టింగ్ చవక. ఆ ధూళి పీల్చిన వాళ్ళ ఊపిరితిత్తులు సిలికోసిస్‌తో పాడవుతాయి, ఆ జబ్బుకి మందు లేదు. గార్నెట్‌తో చేసినా మాస్కు, హుడ్డు తప్పనిసరి. బ్రాకెట్ల వెనక, నాజిల్ దూరని సందుల్లో బ్లాస్టింగ్ కుదరలేదు. అక్కడ టానిన్ రకం రస్ట్ కన్వర్టర్ రాశాం. అది మిగిలిన తుప్పుతో కలిసి నల్లటి పొరగా మారుతుంది. కన్వర్టర్ తుప్పుని మారుస్తుంది గానీ ఉప్పుని మార్చదు. ఆ సందుల్లో మళ్ళీ తుప్పు తేలే అవకాశం ఉందని ఓనరు గారికి అప్పుడే చెప్పి, జాబ్ కార్డు మీద రాసి పెట్టాం.

చిల్లులు పడిన రెండు క్రాస్ ఛానెళ్ళనీ పూర్తిగా మార్చేశాం. పొడుగు మెంబర్ పల్చబడ్డ చోట లోపలివైపు ఎల్ ఆకారపు ప్లేటు వేసి బలపరిచాం. ఈ వెల్డింగ్‌లో రెండు విషయాల్లో ఎవరితోనూ రాజీపడను. ప్లేటు చివరలు ఏటవాలుగా కోయాలి; నిలువుగా ఒకే గీతలో వెల్డింగ్ పెడితే లోడు ఊగినప్పుడు ఆ గీత వెంటే పగులుతుంది. మెంబర్ కింది అంచు మీద అడ్డంగా వెల్డింగ్ వేయకూడదు, లోడంతా లాగేది అక్కడే. బ్యాటరీ టెర్మినల్ ఊడదీయకుండా వెల్డింగ్ రాడ్డు ముట్టుకోకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు.

పూత

విశాఖలో రంగు పనికి శత్రువు ఉక్క. ఆ వారంలో ఒక మధ్యాహ్నం గాలి 33 డిగ్రీలు, తేమ 75 శాతం. ఆ లెక్కన గాలిలో తేమ నీటి చుక్కలుగా పట్టే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) 28 డిగ్రీలు. ఇనుము అంతకంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటేనే ప్రైమర్ కొట్టాలి, అంటే 31 దాటాలి. ఎండకి పొద్దున్న పదికల్లా ఛాసిస్ దాన్ని దాటేస్తుంది. సాయంత్రం సముద్రపుగాలి తిరిగాక ఇనుము చల్లబడి, కంటికి కనపడని తడి పొర పడుతుంది. కాబట్టి పూత పనంతా పదింటికీ మూడింటికీ మధ్యే. బ్లాస్టింగ్ అయిన చోటుకి అదే రోజు ప్రైమర్ పడాలి. ఒకరోజులో ప్రైమర్ కొట్టగలిగినంత మేరే బ్లాస్టింగ్ చేశాం.

బ్లాస్ట్ అయిన ఇనుము మీద జింక్ రిచ్ ఎపాక్సీ ప్రైమర్, ఆరాక సుమారు 60 మైక్రాన్లు. దాని మీద రెండు పాళ్ళ ఎపాక్సీ రెండు పూతలు, ఆ పైన ఎండకి తట్టుకునే పాలీయురేథేన్. స్ప్రేకి ముందు అంచులకీ, వెల్డింగ్ అతుకులకీ, బోల్టు కన్నాలకీ బ్రష్‌తో ఒక పూత వేశాం. పదునైన అంచు మీద రంగు నిలవదు, జారి పల్చబడుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే.

జింకు మాట వచ్చినప్పుడు ఓనరు గారు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "మా బోటుకి నీళ్ళ కింద జింకు పలకలు కడతాం కదా, బండికి కూడా నాలుగు పలకలు బిగిస్తే పోదా?" అన్నారు. బోటు నీళ్ళలో మునిగి ఉంటుంది. జింకూ ఇనుమూ ఒకే నీళ్ళలో ఉన్నాయి కాబట్టి జింకు కరిగి ఇనుముని కాపాడుతుంది. బండి గాలిలో ఉంటుంది. ఒకచోట బిగించిన పలక జానెడు దూరంలో ఉన్న ఇనుముని కూడా కాపాడలేదు. బండికి జింకు పని చేయాలంటే ఇనుమంతటా పరుచుకుని ఉండాలి. గాల్వనైజ్డ్ రేకు చేసేది అదే, జింక్ రిచ్ ప్రైమర్ చేసేదీ అదే. బ్యాటరీకి తగిలించి తుప్పు ఆపుతుందని అమ్మే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బాల సంగతీ ఇంతే. ఓడలకీ, భూమిలో పాతిన పైపులకీ కరెంటుతో రక్షణ ఇవ్వడం నిజంగానే ఉంది, ఎందుకంటే వాటి చుట్టూ నీళ్ళో తడిమన్నో ఉంటుంది. గాలిలో నడిచే బండికి ఆ దారి మూసుకుపోయినట్టే.

డ్రైవరు తమ్ముడి సలహా ఇంకోటి: ఇంజిన్ మార్చిన పాత ఆయిల్ కింద చల్లేస్తే సరిపోతుంది కదా అని. చాలామంది చేస్తారు. పాత ఆయిల్లో ఆమ్లాలుంటాయి, రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి, దుమ్ము పట్టి తడిని అంటిపెట్టుకుంటుంది, తర్వాత ఏ రంగు వేసినా పట్టదు. కారిన ఆయిల్ కాలవలోకి పోతుంది, అది వేరే పాపం.

బాక్సు మెంబర్ లోపలికి రంగు కొట్టలేం. ఫ్యాక్టరీలో అయితే బాడీని రంగు తొట్టిలో ముంచి కరెంటు పంపుతారు, ఇరవై మైక్రాన్ల పూత సందు సందుకీ ఎక్కుతుంది. మా దగ్గర ఆ సౌకర్యం లేదు కాబట్టి లోపలికి క్యావిటీ వ్యాక్స్, అంటే డొల్ల భాగాల్లోకి చిమ్మే మైనం. చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి గొట్టాన్ని కన్నంలోంచి చివరిదాకా దూర్చి, వెనక్కి లాగుతూ కొట్టాలి. వ్యాక్స్ గట్టిపడదు, మెత్తగానే ఉండి చిన్న పగుళ్ళని తనే పూడ్చుకుంటుంది. కొట్టే ముందు అడుగు కన్నాలన్నిట్లో చెక్క మేకులు గుచ్చి, కొట్టాక తీసేశాం. అవి తీశారో లేదో చూసి సంతకం పెట్టడం ఒకరి బాధ్యత.

బాడీ నేల

నా అంచనాలో ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ పని చేసేది ఛాసిస్ రంగు కాదు, బాడీ నేల మార్పు. దానికైన ఖర్చు కూడా తక్కువే. స్టెయిన్‌లెస్ రేకు అతుకులన్నీ పూర్తిగా వెల్డ్ చేసి, అంచులు నాలుగంగుళాలు పైకి మడిచి, తొట్టిలా చేశాం. ఛానెళ్ళకీ రేకుకీ మధ్య మందపాటి నియోప్రీన్ రబ్బరు పట్టీలు, స్క్రూలు బొత్తిగా లేవు; అంచుల్లో క్లాంపులే. నేలని ఒక మూలకి కాస్త వాలుగా పెట్టి, ఆ మూలలో గొట్టం. గొట్టం నీళ్ళు రోడ్డు మీద పడితే వెనకొచ్చే బైకులు జారతాయి, జనం తిడతారు, న్యాయమే. అందుకని బాడీ పక్కన ప్లాస్టిక్ డ్రమ్ము, దానికి వాల్వు. హార్బర్‌లోనో మార్కెట్లోనో చేపల నీళ్ళు పోసే చోటే దాన్ని ఖాళీ చేయాలి.

రోజువారీ పని కూడా మార్పించాం. అన్‌లోడ్ అయ్యాక మార్కెట్లోనే కుళాయి నీళ్ళతో కడుగు. జెట్టీ నీళ్ళు తొట్టికి కూడా వద్దు. వారానికోసారి వెనక ఇరుసు పైన, కమాను కట్టల మధ్య, బాక్సు కన్నాల్లోకి గొట్టం పెట్టి కడుగు. నిషేధానికి నిలబెట్టే ముందు పూర్తి కడుగు, ఎండలో ఆరాక షెడ్డు కింద. టార్పాలిన్ కప్పాల్సి వస్తే పక్కల నుంచి గాలి ఆడేలా.

ఏడాది తర్వాత

మరుసటి నిషేధంలో బండి మళ్ళీ వచ్చింది. బాక్సు లోపలికి గొట్టం కెమెరా పెట్టి చూశాం: వ్యాక్స్ పొర నిలిచి ఉంది, అడుగున నీళ్ళు లేవు. గేజి ఇరుసు పైన పాత కొలతే చూపించింది. కొత్త క్రాస్ ఛానెళ్ళ మీద రేకు పక్కన తుప్పు జాడ లేదు.

కన్వర్టర్ రాసిన సందుల్లో మాత్రం, జాబ్ కార్డు మీద రాసుకున్నట్టే, ఎడమవైపు కమాను బ్రాకెట్టు వెనక గోధుమరంగు కారిన గీత కనిపించింది. ఈసారి బ్రాకెట్టే విప్పి, కడిగి, బ్లాస్ట్ చేసి పూత వేశాం. చక్రాల గూళ్ళలో రాళ్ళు తగిలి ఎపాక్సీ ఊడిన చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. అక్కడ ప్రైమర్ సరిచేసి, ఆ కాస్త మేర మాత్రం రబ్బరు కోటింగ్ వేశాం.

ఎదురుదెబ్బ తగిలింది బాడీ నేల మూలలో పెట్టిన గొట్టం దగ్గర. పొలుసులు ఇరుక్కుని నాలుగు రోజులకోసారి మూసుకుపోతోందని డ్రైవరు దాన్ని పీకి పక్కన పడేశాడు. నీళ్ళు మళ్ళీ మూలలోంచి ఛాసిస్ మీదికే పడ్డాయి. అదృష్టం కొద్దీ ఓనరు గారు నెలలోపే చూశారు. దాని బదులు రెండంగుళాల గొట్టం, తొట్టిలోంచి చేత్తో ఎత్తి కడగగలిగే జాలీ పెట్టాం. జాలీ కడగడం ట్రేలు కడిగే కుర్రాడి పనిలో కలిపేశారు, అప్పట్నుంచి ఇబ్బంది లేదు.

ఆ ఏడాదే ఓనరు గారు రెండో పికప్ కొన్నారు. షోరూమ్ నుంచి రోడ్డెక్కిన వారంలోనే, హార్బర్‌లో అడుగు పెట్టకముందే మా దగ్గరికి తెచ్చారు. ఛాసిస్‌కి రంగు వేయలేదు, నల్లకోటింగ్ చక్రాల గూళ్ళ వరకే. బాక్సు లోపల క్యావిటీ వ్యాక్స్, బ్రేక్ పైపు క్లిప్పులన్నీ విప్పి కింద గ్రీజు, వెల్డ్ చేసిన తొట్టి, నియోప్రీన్ పట్టీలు, జాలీ ఉన్న గొట్టం, డ్రమ్ము. మొదటి బండి ఛాసిస్ గీకడానికి అయిన కూలికంటే ఈ మొత్తం పని తక్కువలో తేలింది. కన్నాల దగ్గర, ఇరుసు పైన, క్లిప్పుల కింద గేజితో కొలిచిన అంకెల్ని జాబ్ కార్డు మీద రాసి ఒక కాపీ ఆయనకిచ్చాను. వచ్చే నిషేధంలో బండి రాగానే ఆ చోట్లే మళ్ళీ కొలుస్తాం.